కరెంటు మీద చల్లబడి, గ్యాస్ మీద చల్లబడని ఆర్‌వీ ఫ్రిజ్: ఎక్కడ చూడాలి, ఎలా శుభ్రం చేయాలి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. పాత క్లాస్ సి మోటార్‌హోమ్ (వ్యాన్ మీద ఇల్లు కట్టిన రకం ఆర్‌వీ) కొన్నారు. అందులో 6 క్యూబిక్ అడుగుల డొమెటిక్ కంపెనీ ఫ్రిజ్ ఉంది, కరెంటు మీదా ప్రొపేన్ మీదా నడిచే రకం. క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్ పెడితే చక్కగా చల్లబడుతోంది. ప్లగ్ లేని చోట గ్యాస్‌కు మారిస్తే రెండో రోజుకల్లా పెరుగు పులిసిపోతోంది, ఐస్ మెత్తబడుతోంది, అప్పుడప్పుడు మంట అంటుకోలేదని చెప్పే చెక్ లైట్ వెలుగుతోంది. చూసిన మెకానిక్ కూలింగ్ యూనిట్ మొత్తం మార్చాలన్నాడు.

మార్చకండి. కరెంటు మీద బాగా చల్లబడుతోందంటే కూలింగ్ యూనిట్ బాగున్నట్టే. ఫ్రిజ్ వెనకున్న ఆ గొట్టాలకు వేడి కావాలి, అంతే. ఆ వేడి కరెంటుతో వేడెక్కే ఎలిమెంట్ నుంచి వచ్చిందా, గ్యాస్ బర్నర్ మంట నుంచి వచ్చిందా అన్నది వాటికి తెలియదు. పైగా ఈ సైజు ఫ్రిజ్‌లో ఎలిమెంట్ సుమారు 300 వాట్ల పైచిలుకు ఉంటే, బర్నర్ గంటకు దాదాపు 1,500 బీటీయూ కాలుస్తుంది, అంటే సుమారు 440 వాట్లు. పొగగొట్టంలోంచి పోయే వేడి పోగా కూడా, ఆరోగ్యంగా ఉన్న ఫ్రిజ్ గ్యాస్ మీద కరెంటుతో సమానంగానో, ఇంకాస్త బాగానో చల్లబడాలి. మీకు తిరగబడిందంటే లోపం వేడి పుట్టే చోట ఉంది, లేదా ప్లగ్ పీకినప్పుడు దాంతోపాటు మారిపోయే మరో విషయంలో ఉంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు.

ప్లగ్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపే చోటు దాదాపు సమతలంగా ఉంటుంది. బ్యాటరీని కన్వర్టర్ ఛార్జ్ చేస్తూ 13 వోల్టుల పైన నిలబెడుతుంది. అడవిలోనో కొండ మీదో ఆపితే నేల వాలుగా ఉంటుంది, బ్యాటరీ రాత్రంతా దిగుతూ ఉంటుంది, ఎత్తు పెరుగుతుంది, గాలి నేరుగా వెంట్‌లోకి కొట్టొచ్చు. ఇన్ని మారినా మనకు కనిపించేది "గ్యాస్ మీద పెట్టాం, పాడైంది" అన్నదొక్కటే. అందుకే ఏమీ విప్పక ముందు ఒక పరీక్ష చేయండి. ఇంటి దగ్గరే, సమతలంగా ఉన్న చోట, ప్లగ్ పెట్టే ఉంచి, ఆటో మోడ్ (ప్లగ్ ఉంటే తనంతట తనే కరెంటుకు మారిపోయేది) ఆపి, ఫ్రిజ్‌ను గ్యాస్ మోడ్‌లో 24 గంటలు నడపండి. మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టండి. 24 గంటల తర్వాత 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉంటే బర్నర్‌లో తప్పు లేదు. వాలు, బ్యాటరీ, ఎత్తు, గాలి వీటిలో వెతకండి. 45, 50 దగ్గర ఆగిపోతే బర్నర్ విప్పాల్సిందే.

ముందు వాలు సంగతి. ఈ ఫ్రిజ్‌లో కంప్రెసర్ లేదు, పంపు లేదు. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంటాయి. బాయిలర్‌లో వేడెక్కిన ద్రావణం నుంచి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, పైనున్న కండెన్సర్ రెక్కల దగ్గర వేడి వదిలి ద్రవమవుతుంది, ఫ్రీజర్ వెనక హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది, చివరికి నీటిలో కలిసి కిందికి జారుతుంది. ఈ జారడమంతా భూమ్యాకర్షణ మీదే. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ సూత్రం మారలేదు. వాలు ఎక్కువైతే ద్రవం గొట్టం వంపుల్లో ఆగిపోతుంది, బాయిలర్‌కు చేరదు, బాయిలర్ ఎండి మాడుతుంది. తుప్పు పట్టకుండా లోపల కలిపిన సోడియం క్రోమేట్ విడిపోయి గట్టి పలుకులుగా గొట్టానికి అడ్డుపడుతుంది. ఈ నష్టం ఒక్క రాత్రిలో బయటపడదు, కొద్దికొద్దిగా పేరుకుంటుంది, ఒకసారి జరిగితే వెనక్కి రాదు.

హద్దు ఎంతంటే, ఫ్రిజ్ తలుపుకు ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ-కుడి వాలు 3 డిగ్రీలు, ముందు-వెనక వాలు 6 డిగ్రీలు దాటకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మోటార్‌హోమ్‌లో ఫ్రిజ్ సాధారణంగా పక్కగోడకు ఆనుకుని, తలుపు లోపలి వైపు తిరిగి ఉంటుంది. అంటే ఫ్రిజ్‌కు ఎడమ-కుడి అయినది బండికి ముందు-వెనక అవుతుంది. కాబట్టి కఠినమైన 3 డిగ్రీల హద్దు బండి పొడవు దిశలో వర్తిస్తుంది. ముందు వెనక చక్రాల మధ్య 14 అడుగుల దూరముంటే 3 డిగ్రీలంటే దాదాపు 9 అంగుళాల తేడా. అడ్డంగా కాస్త వాలినా ఫరవాలేదు కానీ, ముక్కు కిందికి పెట్టి ఆపితే ఫ్రిజ్‌కు ముప్పు. డాలర్ దుకాణంలో దొరికే చిన్న గుండ్రటి బుడగ లెవెల్ ఒకటి కొని ఫ్రీజర్ అడుగున పెట్టి చూడండి. బండి నేల మీద, డాష్‌బోర్డు మీద చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. నడుస్తున్న బండిలో కుదుపులకు ద్రవం కదులుతూనే ఉంటుంది కాబట్టి ఘాట్ రోడ్డు వాలు ఫ్రిజ్‌ను ఏమీ చేయదు. ఆగి ఉన్నప్పుడే జాగ్రత్త. భోజనానికి వాలు మీద గంటసేపు ఆపితే ఫ్రిజ్ ఆపేయండి, గంటలో లోపలి చలి పోదు.

తర్వాత బ్యాటరీ. గ్యాస్ మీద నడిచినా కంట్రోల్ బోర్డుకు, గ్యాస్‌ను వదిలే కరెంటు వాల్వుకు (సోలెనాయిడ్) 12 వోల్టుల కరెంటు కావాలి. ఇవి తాగేది తక్కువే, ఒక ఆంపియర్ లోపు. కానీ వోల్టేజి 10.5 ప్రాంతానికి పడితే బోర్డు తడబడుతుంది, సోలెనాయిడ్ వదిలేస్తుంది, మంట ఆరుతుంది. బ్యాటరీ దగ్గర కాదు, ఫ్రిజ్ వెనక బోర్డు టెర్మినళ్ల దగ్గరే, మంట వెలుగుతుండగా మల్టీమీటర్ పెట్టి కొలవండి. బ్యాటరీ దగ్గర 12.3 ఉండి ఇక్కడ 11.2 కనిపిస్తే మధ్యలో ఎక్కడో వైరు తుప్పు పట్టింది. ఎక్కువసార్లు అది నెగటివ్ వైరు చివర రింగు టెర్మినలే. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ఫ్రీజర్, ఫ్రిజ్ తలుపుల మధ్య పట్టీ మీద చెమ్మ పట్టకుండా చిన్న హీటర్ ఉండి, దానికి స్విచ్ ఉంటే, బ్యాటరీ మీద ఉన్నప్పుడు అది ఆపేయండి. రోజంతా ఊరికే బ్యాటరీని తాగుతుంది.

ఎత్తు గురించి ఒక్క మాట. 5,500 అడుగులు దాటితే గాలిలో ఆక్సిజన్ పలచబడి మంట బలహీనమవుతుంది, ఆరిపోతుంది కూడా. తయారీదారుల మాన్యువళ్లలోనే ఉంటుంది ఇది. ఎలోస్టోన్‌లో చాలా చోట్ల 7,000 అడుగుల పైనే. అక్కడ మొరాయించి కిందికి దిగాక మామూలుగా పనిచేస్తే ఫ్రిజ్‌ను తప్పుబట్టకండి. జెనరేటర్ ఉంటే పగలు కాసేపు కరెంటు మీద నడపండి.

ఇక గ్యాస్. సిలిండర్ వాల్వు గబుక్కున తిప్పేస్తే లోపలున్న భద్రతా బంతి 'లీకైంది' అనుకుని ప్రవాహాన్ని సన్నటి ధారకు తగ్గించేస్తుంది. స్టవ్ ఒక బర్నర్ మాత్రం వెలుగుతుంది, ఫ్రిజ్ మంట నీరసంగా ఉంటుంది. వాల్వు మూసి, అన్ని పరికరాలూ ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, నెమ్మదిగా తెరవండి. నెలల తరబడి వాడని బండిలో పైపులో గాలి నిండి ఉంటుంది. ముందు స్టవ్ వెలిగించి ఒకటి రెండు నిమిషాలు మండనిచ్చి, తర్వాత ఫ్రిజ్ ఆన్ చేయండి. లేకపోతే 30, 45 సెకన్లు టిక్ టిక్ మని స్పార్క్ కొట్టి, బోర్డు విసిగిపోయి చెక్ లైట్ వేస్తుంది.

పీడనం చూడటానికి మానోమీటర్ కావాలి. బర్నర్ దగ్గరున్న టెస్ట్ పోర్టుకు తగిలించి, ఫ్రిజ్ మండుతుండగా స్టవ్ కూడా ఒకటి వెలిగించి చూడండి. 11 అంగుళాల నీటి మట్టం (గ్యాస్ పీడనాన్ని కొలిచే లెక్క ఇది) రావాలి. అన్నీ ఆపేసినప్పుడు అది 14 దాటకూడదు. మండుతుండగా 10 కంటే కిందికి జారితే రెగ్యులేటర్ అయిపోయిందని అర్థం. పదిహేనేళ్లు దాటిన రెగ్యులేటర్‌ను బాగుచేసే ప్రయత్నం వద్దు, మార్చేయండి. గ్యాస్ పని చేతికి అలవాటు లేకపోతే ఈ ఒక్క పనికి లైసెన్సున్న టెక్నీషియన్‌ను పిలవండి, ఖర్చు పెట్టదగ్గ చోటే ఇది.

ఇప్పుడు బర్నర్. మీ లక్షణాలు చూస్తే నా అనుమానం ఇక్కడే ఎక్కువ. బయటివైపు కింది వెంట్ తలుపు తీస్తే ఒక రేకు పెట్టె కనిపిస్తుంది, ఒకటి రెండు స్క్రూలతో. లోపల అడ్డంగా, వేలంత గొట్టం, అదే బర్నర్. దాని పైన సన్నటి చీలికలు. దానికి సరిగ్గా పైన నిలువుగా పొగగొట్టం. ఆ పొగగొట్టం లోపలి గోడ ఏళ్ల తరబడి తుప్పు పట్టి, పెచ్చులు ఊడి, ప్రతి కుదుపుకూ బర్నర్ చీలికల మీద రాలుతుంటుంది. ఎర్రటి మిరపపొడి చల్లినట్టు కనిపిస్తుంది. సగం చీలికలు పూడిపోతే సగం మంటే వస్తుంది. ఎలిమెంటుకు దీంతో సంబంధం లేదు కాబట్టి కరెంటు మీద అంతా బాగానే ఉంటుంది. అచ్చం మీరు చెప్పినట్టే.

శుభ్రం చేసే క్రమం ఇది. ముందు ఫ్రిజ్ ఆపండి, సిలిండర్ వాల్వు మూయండి, ప్లగ్ తీసేయండి, 12 వోల్టుల ఫ్యూజు పీకేయండి. బర్నర్ వేడిగా ఉంటుంది, గంట ఆగండి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగైదు కోణాల్లో ఫోటోలు తీసుకోండి. స్పార్క్ కొట్టే ఎలక్ట్రోడ్ ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉందో తర్వాత గుర్తుండదు. పై వెంట్ మూత తీసి పొగగొట్టం నోట్లోంచి వేలాడుతున్న తీగను నెమ్మదిగా పైకి లాగండి. దాని చివర మెలితిరిగిన రేకు ముక్క ఉంటుంది, దాన్ని బ్యాఫిల్ అంటారు. వేడి గాలి నేరుగా పైకి ఎగిరిపోకుండా సుడి తిప్పి బాయిలర్ గోడకు తగిలించడం దాని పని. తీగ తెగి బ్యాఫిల్ బర్నర్ మీద కూలబడినా, తప్పు ఎత్తులో వేలాడినా మంట నీలంగా బాగున్నట్టే కనిపిస్తుంది, ఫ్రిజ్ మాత్రం చల్లబడదు. దాని అడుగు బర్నర్ నుంచి ఎన్ని అంగుళాల పైన ఉండాలో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. తీగ తీసే ముందే పొగగొట్టం అంచు దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి, కానీ పాత యజమాని తప్పుగా పెట్టి ఉండొచ్చు కాబట్టి మాన్యువల్‌తో సరిచూడండి.

తర్వాత కింద బర్నర్‌ను తడి గుడ్డతో కప్పి, పొగగొట్టానికి సరిపోయే గుండ్రటి వైరు బ్రష్‌ను పైనుంచి దింపి నాలుగైదుసార్లు ఆడించండి. గుడ్డ మీద గుప్పెడు తుప్పు పడితే ఆశ్చర్యపోకండి. బర్నర్ ఊడదీసి చీలికలను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కంప్రెసర్ గాలి కొట్టండి. కళ్లద్దాలు లేకుండా మాత్రం వద్దు. బర్నర్ గొట్టం లోపలికి టార్చ్ వేసి చూడండి. సాలెగూళ్లు, మట్టిగూళ్లు కట్టే కందిరీగ పుట్టలు అక్కడే దొరుకుతాయి. బండి వాడకుండా ఒక్క ఎండాకాలం వదిలేస్తే చాలు.

జెట్ దగ్గర నిదానం అవసరం. గ్యాస్ లైను చివర ఇత్తడి ముక్కలో తలవెంట్రుక దూరేంత రంధ్రం ఉంటుంది. విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి: ఒకటి నట్టును తిప్పడానికి, రెండోది వెనక భాగం తిరక్కుండా పట్టడానికి. ఒక్క స్పానర్‌తో లాగితే సన్నటి గ్యాస్ పైపు మెలిక పడుతుంది. జెట్‌లో పిన్నీసు, తీగ, సూది ఏదీ గుచ్చకండి. రంధ్రం కొంచెం పెద్దదైనా గ్యాస్ ఎక్కువై మసి పడుతుంది. కొన్ని జెట్‌లలో రంధ్రం ఉన్నది చిన్న కెంపు రాయిలో, గుచ్చితే పగిలిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అరగంట నానబెట్టి గాలికి ఆరనివ్వండి. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. అలా కనిపించకపోతే కొత్తది కొనండి. దాని మీద చెక్కిన అంకె పాతదానికి సరిపోవాలి, అదే సైజు.

తిరిగి బిగించాక ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాసి లీకు చూడండి. అమ్మోనియా, బ్లీచ్ కలిసిన సబ్బులు ఇత్తడిని తింటాయి, గిన్నెలు తోమే మామూలు ద్రావణం నాలుగు చుక్కలు చాలు. బుడగలు లేకపోతేనే వెలిగించండి. మంట నీలంగా, నిలకడగా, సన్నటి గుర్రుమనే శబ్దంతో ఉండాలి. పసుపు కొనలు ఊగుతుంటే గాలి రంధ్రం ఇంకా మూసుకుని ఉంది, లేదా జెట్ తప్పు.

మంట వెలిగి కొద్దిసేపటికి ఆరిపోయి చెక్ లైట్ వస్తుంటే మంటను పసిగట్టే భాగం చూడండి. కొన్ని మోడళ్లలో అది స్పార్క్ ఎలక్ట్రోడే, కొన్నిట్లో విడిగా థర్మోకపుల్, అంటే వేడికి చిన్న వోల్టేజి పుట్టించే కడ్డీ. ఎలక్ట్రోడ్ అయితే కొనకూ బర్నర్‌కూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, పింగాణీ తొడుగు మీద వెంట్రుకవాసి పగులు కూడా ఉండకూడదు. పగులుంటే స్పార్క్ కొనదాకా రాకుండా పక్కదారిన పోతుంది. థర్మోకపుల్ అయితే కొన మంటలో మునిగి ఉండాలి. వేడెక్కాక 25 నుంచి 35 మిల్లీవోల్టులు ఇస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 15 కంటే తక్కువ వస్తే కొనను సన్న ఉప్పుకాగితంతో తుడిచి మళ్లీ చూడండి, అప్పటికీ రాకపోతే మార్చండి. ఈ రెండూ చవకైన భాగాలే. వీటిని చూడకుండా ఖరీదైన కంట్రోల్ బోర్డు మార్చేయడం చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు.

వెనక గాలి ఆడకపోతే ఎండాకాలంలో ఏ మోడ్‌లోనైనా కష్టమే. కింది వెంట్ నుంచి చల్లగాలి వచ్చి, కండెన్సర్ రెక్కలను ఒరుసుకుంటూ పైకి పోవాలి. ఫ్రిజ్ వీపుకూ బండి గోడకూ మధ్య ఒక అంగుళం కంటే ఎక్కువ ఖాళీ ఉంటే గాలి రెక్కలను తాకకుండా పక్కనుంచి జారిపోతుంది. అక్కడ అల్యూమినియం రేకు అడ్డుపెట్టి గాలిని రెక్కల వైపు మళ్లించండి. పై వెంట్ కింద 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు బిగిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కింద, బర్నర్ దగ్గర మాత్రం ఫ్యాన్ పెట్టకండి, మంట ఆరుతుంది. ఆగే చోట ఫ్రిజ్ ఉన్న పక్కకు ఎండ, ఎదురుగాలి తగలకుండా బండి తిప్పుకోగలిగితే మంచిది.

లోపలి సర్దుడు కూడా చెప్పాలి, మనవాళ్ల వంట వల్ల. ఇంటి ఫ్రిజ్ తిప్పుకోగలిగినంత వేడిని ఇది తిప్పుకోలేదు. ప్రయాణానికి ముందు రోజే ప్లగ్ పెట్టి ఖాళీ ఫ్రిజ్‌ను చల్లబరిచి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లారినవే ఇందులోకి మార్చండి. వేడి పప్పు, గోరువెచ్చని కూర పెడితే ఆ రాత్రంతా కోలుకోదు. ఇడ్లీ పిండి, సాంబారు మూత గట్టిగా ఉన్న డబ్బాల్లోనే పెట్టండి; తెరిచి ఉంచిన గిన్నెల ఆవిరంతా ఫ్రిజ్ లోపల వెనకగోడకున్న రెక్కల మీద మంచుగా కడుతుంది, మంచు పావు అంగుళం దాటితే రెక్కలు వేడిని లాగలేవు. అప్పుడు ఫ్రిజ్ ఆపి, వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి కరిగించండి. చాకు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. అరల మీద పేపర్లు పరవకండి, డబ్బాల మధ్య వేలు దూరేంత సందు వదలండి. తలుపు సీలు మధ్య డాలర్ నోటు పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ సీలు వదులైంది. వెనక్కి వచ్చే డ్రెయిన్ గొట్టం చివర మూతో, వంపో ఉండాలి, లేకపోతే కాయిల్స్ దగ్గరి వేడి గాలి దాని గుండానే లోపలికి వస్తుంది.

కింది వెంట్ తీసినప్పుడు బాయిలర్ చుట్టూ, కింది గొట్టాల మీద పసుపురంగు పొడి కనిపించినా, బండిలో ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా పైన చెప్పినవేవీ వర్తించవు. గొట్టం పగిలింది. లోపలున్న హైడ్రోజన్ మండే వాయువు. వెంటనే ఫ్రిజ్ ఆపి, అందరినీ దింపి, కిటికీలు తీయండి. ఆ పసుపు పొడి విషం, చేత్తో తాకకండి. అప్పుడు మాత్రం కూలింగ్ యూనిట్ మార్చాల్సిందే; వెల్డింగ్ చేసి నింపుతానన్న మాట వినకండి. మీ బండి పాతది కాబట్టి ఇంకొకటి: బాయిలర్ గొట్టం పగిలి నిప్పంటుకునే ప్రమాదం వల్ల డొమెటిక్ 2006లో కొన్ని మోడళ్లను రీకాల్ చేసింది, మరో ఫ్రిజ్ కంపెనీ నోర్‌కోల్డ్ 1200 శ్రేణికీ రీకాల్‌లు వచ్చాయి. తలుపు లోపలి స్టిక్కర్ మీదున్న మోడల్, సీరియల్ నంబర్లు రాసుకుని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లోనూ, తయారీదారు దగ్గరా సరిచూడండి. రీకాల్‌లో బిగించిన థర్మల్ ఫ్యూజు తెగి ఫ్రిజ్ ఆగిపోతే దాన్ని వైరుతో కలిపేసి నడిపించొద్దు. అది తెగిందంటే బాయిలర్ మితిమీరి వేడెక్కిందన్నమాట.

పెట్రోలు బంకులోకి తిరిగే ముందే ఫ్రిజ్ ఆపి, సిలిండర్ మూయండి. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వెళ్తుంటే బాల్టిమోర్ హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ రెండింటిలోకీ ప్రొపేన్ ట్యాంకులున్న ఆర్‌వీలను రానివ్వరు, వాల్వు మూసి ఉన్నా సరే. మామూలు కారు జీపీఎస్ ఆ దారే చూపిస్తుంది కాబట్టి బయల్దేరే ముందే ఊరి పడమటి పక్కనుంచి తిరిగే 695 బెల్ట్‌వే దారి పెట్టుకోండి.